నెలాఖరు సీఎస్‌లు: పొడిగింపు మీద నడిచే పెద్ద కుర్చీ

ఆంధ్రప్రదేశ్ సచివాలయంలో ఫైళ్లు మోసే అటెండరు 62 ఏళ్లు నిండేదాకా ఉద్యోగం చేయవచ్చు. అదే ప్రాంగణంలో అందరికంటే పెద్ద కుర్చీలో కూర్చునే ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి (సీఎస్) మాత్రం 60 నిండిన నెల చివరి రోజు సాయంత్రం ఇంటిదారి పట్టాలి. హైదరాబాద్‌లోనూ ఇదే తంతు, కాకపోతే అక్కడ అటెండరు గడువు 61. వింతగా కనిపించినా కారణం చిన్నదే. అటెండరు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆయన ఎన్నేళ్లకు రిటైరవ్వాలో రాష్ట్రం తన చట్టంతోనే తేల్చుకుంటుంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 58ని ఒక్క వేటుతో 55కు దించింది. అది ఎక్కువ కాలం నిలవలేదనుకోండి. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ 2014లో 60కి, 2022లో 62కి పెంచింది. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి తెచ్చింది. సీఎస్ సంగతి వేరు. ఆయన ఐఏఎస్ అధికారి, ఆయన వయోపరిమితి అఖిల భారత సర్వీసుల నిబంధనల్లో ఉంటుంది. 1998లో కేంద్రం దాన్ని 58 నుంచి 60కి పెంచాక మళ్లీ ముట్టుకోలేదు. రాష్ట్రంలో ఎవరు గెలిచినా ఆ అంకె జోలికి పోలేరు.

అంకె జోలికి పోలేరు గానీ, దాన్ని దాటడానికి ఒక సందు మాత్రం ఉంది. అఖిల భారత సర్వీసుల పదవీ విరమణ ప్రయోజనాల నిబంధనలు 1958 నాటివి. వాటిలో 16వ నిబంధన సీఎస్‌కు ఒక మినహాయింపు ఇచ్చింది. ప్రజాప్రయోజనం ఉందని కారణాలు చూపుతూ రాష్ట్రం సిఫారసు చేస్తే, కేంద్రం ముందుగా ఒప్పుకుంటే, ఆయన సర్వీసును ఆరు నెలలకు మించకుండా పొడిగించవచ్చు. అనుకోని అవసరం కోసం పెట్టిన ఏర్పాటు ఇది. విభజన ముంగిట ఉమ్మడి రాష్ట్ర చివరి సీఎస్ పి.కె. మొహంతీకి పొడిగింపు ఇచ్చారంటే అర్థముంది. కొవిడ్ ఉధృతిలో 2020 జూన్‌లో రిటైరవ్వాల్సిన నీలం సాహ్నిని మూడు నెలలు, ఆపైన మరో మూడు నెలలు ఉంచారన్నా అర్థముంది. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. మినహాయింపు అలవాటుగా మారింది. అలవాటయ్యాక, సీఎస్‌గా ఎవరిని ఎంచుకోవాలన్న నిర్ణయం కూడా దాని చుట్టూనే తిరగడం మొదలైంది.

విభజన జరిగిన 2014 జూన్ నుంచి 2024 డిసెంబరు దాకా ఆంధ్రప్రదేశ్‌కు పూర్తిస్థాయి సీఎస్‌లు 11 మంది. ఐ.వై.ఆర్. కృష్ణారావు, ఎస్.పి. టక్కర్, అజేయ కల్లం, దినేశ్ కుమార్, అనిల్ చంద్ర పునేఠా, ఎల్.వి. సుబ్రహ్మణ్యం, నీలం సాహ్ని, ఆదిత్యనాథ్ దాస్, సమీర్ శర్మ, కె.ఎస్. జవహర్ రెడ్డి, నీరభ్ కుమార్ ప్రసాద్. 127 నెలలకు 11 మంది అంటే ఒక్కొక్కరి వాటా ఏడాది కూడా రాదు. ఒక బడ్జెట్ తయారీలో కూర్చున్న సీఎస్ అదే బడ్జెట్ ఖర్చు లెక్క చూసేదాకా ఉండడం లేదన్నమాట. అజేయ కల్లం 2017 మార్చిలో ఒక్క నెల ఉన్నారు. ఇటు తెలంగాణలో ప్రదీప్ చంద్రదీ అదే కథ, 2016 డిసెంబరు ఒక్క నెల. అయితే తెలంగాణ మొత్తం లెక్క కాస్త నయం. రాజీవ్ శర్మ రెండున్నరేళ్లు, ఎస్.కె. జోషి దాదాపు రెండేళ్లు, సోమేశ్ కుమార్ మూడేళ్లు, శాంతికుమారి రెండేళ్లకు పైగా పనిచేశారు. 2025 ఏప్రిల్ ముగిసేనాటికి ఆరుగురే. ఒకే సర్వీసు, ఒకే నిబంధనలు, ఒకప్పుడు ఒకే కేడర్, అంటే ఒకే రాష్ట్రానికి కేటాయించిన అధికారుల బృందం. తేడా ఎక్కడొచ్చింది?

నియామకం రోజున అధికారికి ఇంకా ఎంత సర్వీసు మిగిలి ఉందో చూస్తే జవాబు దొరుకుతుంది. ఆదిత్యనాథ్ దాస్ 2020 డిసెంబరు 31న బాధ్యతలు తీసుకునేసరికి ఆరు నెలలే ఉంది. 2021 అక్టోబరు 1న వచ్చిన సమీర్ శర్మకు రెండే నెలలు. 2024 జూన్ 7న వచ్చిన నీరభ్ కుమార్ ప్రసాద్‌కు 23 రోజులు. దాస్‌కు మూడు నెలల పొడిగింపు వచ్చింది. నీరభ్‌కు ఆరు నెలలు. శర్మకు ఆరు, మళ్లీ ఆరు. సమీర్ శర్మ సీఎస్‌గా ఉన్న 14 నెలల్లో 12 నెలలు ఆయన పదవీ విరమణ తేదీ దాటాక గడిచినవే. నిబంధనలో ఆరు నెలలకు మించకూడదని ఉంటే పన్నెండెలా అయింది? ఆ నిబంధనను సడలించే అధికారం కేంద్రానికి మరో నిబంధన ఇచ్చింది, అలా అయింది. తెలంగాణ కూడా ఈ దారి పట్టకుండా లేదు. 2025 మే 1న సీఎస్ అయిన కె. రామకృష్ణారావు ఆగస్టు చివర రిటైరవ్వాల్సి ఉండగా ఏకంగా ఏడు నెలల పొడిగింపు దక్కింది. ఈ పద్ధతికి పరాకాష్ట ఉత్తరప్రదేశ్. కేంద్రంలో కార్యదర్శిగా ఉన్న దుర్గాశంకర్ మిశ్రాను 2021 డిసెంబరులో రిటైరయ్యే వారంలోనే పొడిగింపుతో కలిపి సీఎస్‌గా పంపారు. 2024 జూన్ దాకా రెండున్నరేళ్లు ఆయన ఆ కుర్చీలో ఉన్నారు. ఆ రెండున్నరేళ్లూ దాదాపు మొత్తం పొడిగింపే.

సర్వీసు దండిగా ఉన్నవారిని పక్కన పెట్టి, రోజులు దగ్గరపడ్డవారిని ముఖ్యమంత్రులు ఏరి తెచ్చుకోవడం ఎందుకు? సీనియారిటీని గౌరవించడం ఒక కారణం. ఒక బ్యాచ్‌లో ముందున్నవారికి పోయేముందు ఆ గౌరవం దక్కాలన్న ఉదారత నిజంగానే ఉంటుంది. అజేయ కల్లం, ప్రదీప్ చంద్రల నెలరోజుల సీఎస్ పదవుల్లో కనిపించేది అదే. కానీ సచివాలయ వరండాల్లో ఎవరూ పైకి చెప్పని ఇంకో లెక్క కూడా ఉంది. మూడేళ్ల సర్వీసు మిగిలిన అధికారి వద్దనుకుంటే వద్దని చెప్పగలడు. ఈ కుర్చీ పోతే ఇంకో కుర్చీ, పోనీ ఢిల్లీ డిప్యుటేషన్. మూడు నెలలే మిగిలిన అధికారికి ముందున్నది ఒకటే ప్రశ్న. పొడిగింపు కోరుతూ ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాస్తారా, రాయరా? ఆ లేఖ వెళ్లేదాకా ఒక టెన్షన్, అనుమతి వచ్చేదాకా మరో టెన్షన్. ఈ మధ్యకాలంలో ఆ బల్ల మీదికి వచ్చే ప్రతి ఫైలూ ఆ లేఖ నీడలోనే కదులుతుంది.

పెద్ద అధికారుల స్వతంత్రత గురించి మన దగ్గర ఎప్పుడు చర్చ వచ్చినా బదిలీల చుట్టూనే తిరుగుతుంది. ప్రాధాన్యం లేని లూప్‌లైన్‌ పోస్టుకు పంపారు, సాధారణ పరిపాలన శాఖ (జీఏడీ)లో రిపోర్టు చేయమన్నారు, పోస్టింగ్ ఇవ్వకుండా కూర్చోబెట్టారు, ఇవే మాటలు. అవి చిన్న విషయాలు కావు. కానీ బదిలీ పది మంది కళ్లెదుట జరిగే శిక్ష. జీవో వస్తుంది, పత్రికల్లో పడుతుంది, ఉద్యోగుల వివాదాలు చూసే ట్రిబ్యునల్ క్యాట్‌కు వెళ్లవచ్చు, హైకోర్టుకు వెళ్లవచ్చు. పొడిగింపు చప్పుడు లేని బహుమానం. దాన్ని ఇవ్వలేదని ఎవరూ కోర్టుకెక్కలేరు, ఎందుకంటే అది ఎవరి హక్కూ కాదు. దండం కంటే దానమే మెత్తగా వంచుతుంది.

రాయప్ప వేసిన బాట

రాజ్యాంగంలో 310వ అధికరణం ప్రకారం ప్రభుత్వోద్యోగి రాష్ట్రపతి లేదా గవర్నరు ఇష్టం ఉన్నంతకాలం కొనసాగుతాడు. ఇది బ్రిటిష్ రాచరికం వదిలివెళ్లిన సూత్రం. దాని పక్కనే 311వ అధికరణం కవచంలా నిలుస్తుంది. విచారణ లేకుండా తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉద్యోగానికి రక్షణ అలా ఉంది. కూర్చున్న కుర్చీకి మాత్రం లేదు. ఐఏఎస్‌ను ఇంటికి పంపడం కష్టం, ఇంకో గదిలోకి పంపడం తేలిక.

ఆ తేడాను సుప్రీంకోర్టు ముందుకు తీసుకెళ్లిన అధికారి ఇ.పి. రాయప్ప. 1969లో తమిళనాడు సీఎస్ అయ్యారు. 1971లో కరుణానిధి ప్రభుత్వం ఆయన్ను రాష్ట్ర ప్రణాళికా సంఘం డిప్యూటీ చైర్మన్‌గా, ఆ తర్వాత అమ్మకం పన్ను చట్టాల సవరణ పని చూసే ప్రత్యేకాధికారిగా పంపింది. జీతం తగ్గలేదు, హోదా సమానమే అన్నారు. నా మీద కక్షతోనే ఇలా చేశారని రాయప్ప వాదించారు. 1973 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన పిటిషన్ కొట్టేసింది. సీఎస్ అంటే పాలనాయంత్రానికి ఇరుసులాంటి పదవి, అది గాఢమైన నమ్మకంతో కూడుకున్నది, ముఖ్యమంత్రికీ ఆయనకూ పొసగనప్పుడు మార్చుకునే వీలుండాలన్నది దాని సారాంశం. ఇందులో ఒక చమత్కారం ఉంది. సమానత్వమూ నిరంకుశత్వమూ బద్ధశత్రువులని జస్టిస్ భగవతి రాసింది ఈ తీర్పులోనే. ఇవాళ దేశంలో ఏ ప్రభుత్వ నిర్ణయాన్ని ఏకపక్షమని సవాలు చేయాలన్నా న్యాయవాదులు ఆ వాక్యమే ఎత్తుకుంటారు. లక్షల మందికి అక్కరకొచ్చిన ఆ సూత్రం రాయప్పకు మాత్రం అక్కరకు రాలేదు.

ఆ తీర్పు వచ్చిన 46 ఏళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో దాని బలమెంతో తెలిసింది. 2019 ఎన్నికల వేళ, ఏప్రిల్ 5న, ఎన్నికల సంఘం పునేఠాను తప్పించి ఎల్.వి. సుబ్రహ్మణ్యాన్ని సీఎస్‌గా పెట్టింది. ప్రభుత్వం మారింది, కొత్త ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఆయన్నే కొనసాగించారు. ఆ ఏడాది నవంబరు మొదట్లో, సచివాలయ బిజినెస్ రూల్స్ అతిక్రమించారంటూ సాధారణ పరిపాలన శాఖలో తన కింద పనిచేస్తున్న ముఖ్య కార్యదర్శి ప్రవీణ్ ప్రకాశ్‌కు ఎల్వీ షోకాజ్ నోటీసు ఇచ్చారు. రోజులు గడవకముందే, నవంబరు 4న, సీఎస్‌నే బాపట్లలోని మానవ వనరుల అభివృద్ధి సంస్థకు డైరెక్టర్ జనరల్‌గా బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. దాని మీద సంతకం ప్రవీణ్ ప్రకాశ్‌దే. నోటీసు అందుకున్న అధికారి, నోటీసు ఇచ్చిన పై అధికారిని సాగనంపే జీవో మీద సంతకం చేయడం తెలుగు రాష్ట్రాల పాలనా చరిత్రలో అరుదైన దృశ్యం. ఎల్వీకి ఇంకా ఐదు నెలలకు పైగా సర్వీసు ఉంది. ఆయన సెలవు పెట్టి వెళ్లిపోయారు. న్యాయపరంగా చూస్తే రాయప్ప తీర్పు ఉండగా ఆయనకు పెద్ద అవకాశమూ లేదు.

అప్పటికి ఒక కొత్త నిబంధన పుస్తకాల్లోకి ఎక్కి ఐదేళ్లు దాటింది. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ మరికొందరు విశ్రాంత అధికారులతో కలిసి వేసిన వ్యాజ్యంలో 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, ఏ పోస్టులోనైనా అధికారిని కనీస కాలం ఉంచాలని, బదిలీలను సివిల్ సర్వీసెస్ బోర్డు చూడాలని చెప్పింది. 2014 జనవరిలో ఐఏఎస్ కేడర్ నిబంధనల్ని సవరించి ప్రతి కేడర్ పోస్టుకూ కనీసం రెండేళ్లని రాశారు. అక్షరాలా చదివితే సీఎస్ కూడా కేడర్ పోస్టే. కానీ ఆ బోర్డుకు అధ్యక్షుడెవరు? సీఎస్. గడువు తీరకముందే సీఎస్‌ను బదిలీ చేయవచ్చో లేదో సీఎస్ అధ్యక్షతనున్న బోర్డు తేల్చాలి! పైగా బోర్డు వద్దన్నా కారణాలు రాసి ముఖ్యమంత్రి ముందుకెళ్లవచ్చు. కలెక్టర్ల బదిలీలకే రెండేళ్ల నియమం ఆగడం లేదు, ఇక సీఎస్ దగ్గర ఆగుతుందా?

రెండు తాళాలు

పొడిగింపుకు సిఫారసు రాష్ట్రానిది, అనుమతి కేంద్రానిది. పైకి చూస్తే ఇదొక కాపలా. ఒకరి ఇష్టానికి ఇంకొకరి అడ్డు. ఆచరణలో ఒకే తలుపుకు ఇద్దరు యజమానులు తయారయ్యారు. కేంద్రంలో సిబ్బంది వ్యవహారాల శాఖ, అందరూ డీవోపీటీ అనేది, ప్రధానమంత్రి చేతి కిందే ఉంటుంది. అంటే తన సీఎస్‌ను ఉంచుకోవాలంటే ముఖ్యమంత్రి ప్రధాని ముందు అర్జీ పెట్టుకోవాల్సిందే. కాంగ్రెస్ పాలిత తెలంగాణకు ఏడు నెలలు ఇచ్చిన కేంద్రాన్ని, పార్టీని చూసే ఇస్తోందని తేలిగ్గా అనేయలేం. అయితే ఆ తాళం ఎంత పదునైనదో పశ్చిమ బెంగాల్ చూసింది. 2021 మే 31న రిటైరవ్వాల్సిన సీఎస్ ఆలాపన్ బందోపాధ్యాయకు మమతా బెనర్జీ అడిగిన మూడు నెలలూ కేంద్రం ఇచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే, యాస్ తుపాను మీద ప్రధాని పెట్టిన సమీక్ష వివాదం కావడంతో, మే 31 ఉదయం ఢిల్లీలో రిపోర్టు చేయమని ఆయనకు ఆదేశం వెళ్లింది. ఆయన వెళ్లలేదు. పొడిగింపు వదులుకొని అదే రోజు రిటైరై, ముఖ్యమంత్రికి ముఖ్య సలహాదారుగా చేరారు.

ఢిల్లీలో దీనికి తలకిందులైన కథ నడిచింది. ఎన్నికైన కేజ్రీవాల్ ప్రభుత్వం వద్దంటున్నా సీఎస్ నరేశ్ కుమార్‌ను ఆరు నెలలు కొనసాగిస్తామని కేంద్రం అంది. ఆయన రిటైరయ్యే ముందురోజు, 2023 నవంబరు 29న, సుప్రీంకోర్టు దానికి సరేనంది. రాష్ట్రంలో ముఖ్యమంత్రి నమ్మకమే ప్రాణమన్న పదవి, ఢిల్లీలో మాత్రం ముఖ్యమంత్రికి ఇష్టం లేకున్నా సాగింది. ఢిల్లీ పూర్తి రాష్ట్రం కాదన్న సమాధానం ఉండనే ఉంది. కానీ ఒకే పదవికి రెండు చోట్ల రెండు సిద్ధాంతాలు వాడుకోవడం సుప్రీంకోర్టుకు అంత ఇబ్బంది అనిపించలేదు.

తెలుగు రాష్ట్రాలకు ఇంకో మెలిక కూడా ఉంది. విభజనలో ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన సోమేశ్ కుమార్ క్యాట్ ఉత్తర్వుతో తెలంగాణలో ఉండిపోయి 2020 జనవరి 1న అక్కడ సీఎస్ అయ్యారు. మూడేళ్ల తర్వాత, 2023 జనవరి 10న, తెలంగాణ హైకోర్టు ఆ క్యాట్ ఉత్తర్వును కొట్టేసింది. ఒక్క రాత్రిలో ఒక రాష్ట్ర సీఎస్ ఇంకో రాష్ట్రంలో పోస్టింగ్ కోసం ఎదురుచూసే అధికారి అయిపోయారు. అమరావతిలో రిపోర్టు చేసి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకొని, కొన్ని నెలలకు కేసీఆర్‌కు ముఖ్య సలహాదారుగా తిరిగొచ్చారు. అక్రమంగా ఉన్నారో సక్రమంగా ఉన్నారో తేల్చడానికే న్యాయస్థానాలకు అన్నేళ్లు పడితే ఆ మూడేళ్లలో ఆయన చేసిన సంతకాల సంగతేమిటని అడిగినవారు లేరు.

ఖాయమైన గడువులోనూ అదే పొడిగింపు

గడువు ఖాయం చేస్తే సరిపోతుందా? చేసి చూసిన చోట్లు కొన్ని ఉన్నాయి. జైన్ హవాలా దర్యాప్తు మీద వినీత్ నారాయణ్ వేసిన కేసులో 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు సీబీఐ, ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) డైరెక్టర్లకు కనీసం రెండేళ్లు ఇవ్వాలంది. హవాలా రోజుల్లో సీబీఐకి డైరెక్టరుగా ఉన్నది మన కేడర్ అధికారి కె. విజయరామారావే. తర్వాత ఆయన తెలుగుదేశంలో చేరి, 1999లో ఖైరతాబాద్‌లో పి. జనార్దన రెడ్డిని ఓడించి మంత్రయ్యారు. ఆ రెండేళ్ల హామీకి మొదటి పెద్ద పరీక్ష 2018 అక్టోబరులో అర్ధరాత్రి వచ్చింది. డైరెక్టర్ ఆలోక్ వర్మను సెలవు మీద పంపి, వరంగల్ ప్రాంతం నుంచి వెళ్లిన ఒడిశా కేడర్ అధికారి ఎం. నాగేశ్వరరావుకు బాధ్యతలు ఇచ్చారు. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు వర్మను తిరిగి కూర్చోబెట్టింది. రెండు రోజులకు ప్రధాని నాయకత్వంలోని ఎంపిక కమిటీ ఆయన్ను వేరే పోస్టుకు మార్చింది. హామీ మీద గెలిచి ఆయన కుర్చీలో ఉన్నది అంతసేపే.

ఈడీలో జరిగింది ఇంతకంటే ఆసక్తికరం. సంజయ్ కుమార్ మిశ్రా 2018 నవంబరు 19న రెండేళ్లకు డైరెక్టర్ అయ్యారు. రెండేళ్లు ముగిసే వారంలో, 2018 నాటి నియామకపు ఉత్తర్వునే వెనక్కి వెళ్లి దిద్ది మూడేళ్లు చేశారు. ఇక పొడిగించొద్దని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు నెలలకే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఈడీ, సీబీఐ డైరెక్టర్ల కాలం ఏడాది చొప్పున పెంచుకుంటూ అయిదేళ్ల దాకా తీసుకెళ్లవచ్చు. ఇక్కడ గమనించాల్సింది, చట్టం ఒకేసారి అయిదేళ్లు ఇవ్వలేదు. ఏడాదికోసారి మళ్లీ అడుక్కోవాలి. కనీస గడువు అధికారిని ప్రభుత్వం నుంచి కాపాడాలి, ఏడాది పొడిగింపు ఆయన్ను ప్రభుత్వం చుట్టూ తిప్పుకుంటుంది. 2023 జులై 11న సుప్రీంకోర్టు మిశ్రాకు ఇచ్చిన చివరి రెండు పొడిగింపులూ చెల్లవంది. సవరణలు మాత్రం చెల్లుతాయంది. ఆ నెలాఖరున దిగిపోవాల్సిన మిశ్రా, ప్రభుత్వం బతిమాలితే, సెప్టెంబరు 15 దాకా ఉన్నారు.

పోలీసు బాస్‌ల విషయంలో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా వెళ్లింది. 2006 నాటి ప్రకాశ్ సింగ్ తీర్పు ప్రకారం యూపీఎస్సీ ఇచ్చే ముగ్గురి జాబితాలోంచే డీజీపీని ఎంచుకోవాలి, రిటైర్మెంటు తేదీతో నిమిత్తం లేకుండా రెండేళ్లు ఉంచాలి. తాత్కాలిక డీజీపీ అన్న మాటే వినపడకూడదని 2018లో అంది. కనీసం ఆరు నెలల సర్వీసు మిగిలినవారినే చూడాలని 2019లో స్పష్టం చేసింది. రాష్ట్రాలు దీనికి పెట్టుకున్న విరుగుడు పేరు ఎఫ్‌ఏసీ, పూర్తి అదనపు బాధ్యతలు. 2022 ఫిబ్రవరిలో గౌతమ్ సవాంగ్‌ను తప్పించి కె.వి. రాజేంద్రనాథ్ రెడ్డికి ఆ పద్ధతిలో ఇచ్చిన డీజీపీ బాధ్యత, 2024 మేలో ఎన్నికల సంఘం తప్పించేదాకా రెండేళ్లకు పైగా సాగింది. కోర్టు వద్దన్న తాత్కాలిక ఏర్పాటు, కోర్టు ఖాయం చేసిన గడువు కంటే ఎక్కువ కాలం బతికింది! తెలంగాణలో అంజనీ కుమార్‌దీ ఎఫ్‌ఏసీయే. ఓట్ల లెక్కింపు జరుగుతుండగానే రేవంత్ రెడ్డిని కలిసినందుకు 2023 డిసెంబరు 3న ఎన్నికల సంఘం ఆయన్ను సస్పెండ్ చేసింది. అయినా ప్రకాశ్ సింగ్ తీర్పు వృథా అనలేం. 2025లో ఆంధ్రప్రదేశ్ హరీశ్ కుమార్ గుప్తాను జాబితా ప్రకారం రెండేళ్లకు పూర్తిస్థాయి డీజీపీగా నియమించింది. ఆలస్యంగానైనా చట్రంలోకి వచ్చింది.

రిటైరయ్యాక వచ్చే కుర్చీలకూ గడువు రాజకీయం తప్పలేదు. రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ విశ్రాంత ఐఏఎస్. 2020 మార్చిలో కొవిడ్ పేరు మీద స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ఆర్డినెన్స్ వచ్చింది. కమిషనర్ పదవీకాలం అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది, ఆయనది అప్పటికే తీరిపోయిందన్నారు. మనిషిని తీసేయడానికి రాజ్యాంగం అడ్డొస్తే కాలాన్నే కత్తిరించారు. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది, నిమ్మగడ్డ తిరిగొచ్చి 2021 మార్చి 31న పూర్తి గడువుతో దిగారు. ఆయన స్థానంలో వచ్చింది మూడు నెలల ముందు సీఎస్‌గా రిటైరైన నీలం సాహ్ని. సీఎస్‌లు సలహాదారులుగా, బోర్డుల చైర్మన్లుగా, సంస్థల వైస్ చైర్మన్లుగా మారడం రెండు రాష్ట్రాల్లోనూ, అన్ని పార్టీల హయాంలోనూ జరిగేదే. రాజీవ్ శర్మ, ఎస్.కె. జోషి, అజేయ కల్లం, సమీర్ శర్మ, శాంతికుమారి, పేర్లు చెప్పుకుంటూ పోతే సీఎస్ గదిలోని బోర్డు మీది జాబితాకీ దీనికీ పెద్ద తేడా ఉండదు. వీరిలో ఏ ఒక్కరి సమర్థత గురించీ ఇక్కడ ప్రశ్న లేదు. ప్రశ్న పదవిది. పొడిగింపు, ఆ తర్వాత సలహాదారు పదవి, ఆ తర్వాత ఏదో కమిషన్. మూడూ ఒకే చేతిలోంచి రావాలి.

సీఎస్‌కు డీజీపీ చట్రం వేస్తే ఏమవుతుంది? కనీసం ఏడాదో ఏడాదిన్నరో సర్వీసు మిగిలినవారిలోంచే ఎంపిక, వచ్చాక రెండేళ్లు ఖాయం, ఆపైన ఒక్క రోజు కూడా పొడిగింపు లేదు. ముఖ్యమంత్రికి ఎంచుకునే స్వేచ్ఛ అలాగే ఉంటుంది, కాబట్టి రాయప్ప తీర్పు చెప్పిన నమ్మకానికి ముప్పు లేదు. పొసగకపోతే కారణం రాసి మార్చుకోవచ్చు. పోయేదల్లా మూడు నెలలకోసారి రాసే లేఖ ఒక్కటే. దీన్ని అడ్డుకునేది ఎవరంటే, ఆ లేఖ రాసేవారూ దాని మీద సంతకం పెట్టేవారూ. ఇద్దరికీ అది పనికొచ్చే ఆయుధం. అధికారుల సంఘాలు కూడా గట్టిగా అడిగిన దాఖలాలు తక్కువే. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఆ లేఖ తనకోసం రాయొచ్చని ఆశపడేవారు ఉంటారు.

అదే లేఖ మూలంగా నష్టపోయేవారి పేర్లు ఏ జీవోలోనూ ఉండవు. ఒకరికి ఆరు నెలలు పెంచితే, వెనక వరసలో ఉండి ఆ ఆరు నెలల్లో 60 నిండేవారు సీఎస్ కాకుండానే వెళ్లిపోతారు. ఐఏఎస్‌లో చేరిన రోజు నుంచి 35 ఏళ్లు లెక్కపెట్టుకున్న తేదీ, ఇంకెవరి ఫైలులోనో కదిలిన ఒక కాగితంతో చేజారిపోతుంది. నెలాఖరు సాయంత్రం సచివాలయంలో ఆ అధికారికీ ఒక శాలువా, ఒక బొకే ఉంటాయి. పక్క గదిలో సీఎస్ తన పొడిగింపు ఉత్తర్వు అందుకుంటూ ఉంటారు.